ప్యాట్రీషియా రూట్‌లెడ్జ్ నటనను ఎక్కడ మొదలుపెట్టి, ఎలా చదవాలి?

మీరు అడిగింది ముందుగా రెండు ముక్కల్లో చెప్పుకుందాం. థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ చేస్తున్నారు. సెమినార్ పేపర్‌కి ఇంగ్లిష్ నటి ప్యాట్రీషియా రూట్‌లెడ్జ్‌ని ఎంచుకున్నారు. ఇప్పటిదాకా చూసింది 'కీపింగ్ అప్ అపియరెన్సెస్' ఒక్కటే. "అరవై దాటాక టీవీ కామెడీతో వెలుగులోకి వచ్చిన నటి" అని పేపర్ మొదలుపెట్టారు. చివర్లో పది నిమిషాల డెమో ఇవ్వాలి. ఏం చూడాలి, ఎలా చూడాలి, ఏం చేసి చూపించాలి అన్నది మీ సందేహం.

ముందు ఆ మొదటి వాక్యం కొట్టేయండి. రూట్‌లెడ్జ్ 1929 ఫిబ్రవరి 17న పుట్టారు. న్యూయార్క్ నాటకరంగమైన బ్రాడ్వేలో, మ్యూజికల్ ఉత్తమ నటిగా అక్కడి పెద్ద పురస్కారం టోనీ అవార్డు తీసుకున్నది 1968లో, అంటే 39 ఏళ్లకు. 'కీపింగ్ అప్ అపియరెన్సెస్' మొదలయ్యేనాటికి ఆవిడకి 61 ఏళ్లు, రంగస్థలం మీద దాదాపు నాలుగు దశాబ్దాలు గడిచాయి. టీవీ ప్రేక్షకులకు ఆలస్యంగా తెలిసిందంటే ఒప్పుకోవచ్చు, నటిగా ఆలస్యంగా వెలిగిందంటే మాత్రం తప్పు. ఈ తేడా పట్టుకోకపోతే పేపర్ మొత్తం పక్కదారి పడుతుంది. అందులో ఆవిడ వేసిన హయసింత్ పాత్రలో మీకు నవ్వు తెప్పించే ప్రతిదీ అంతకుముందు స్టేజీ మీద అరిగిపోయేదాకా సాధన చేసిన పనే.

నా దృష్టిలో ఆవిడ గురించి చెప్పాల్సిన అసలు మాట ఇది: ఆవిడ మొదట గాయని. వాచికం ఊపిరిలోంచి పుడుతుంది. కామెడీ టైమింగ్ అని మనం మెచ్చుకునేది నిజానికి సంగీతం తెలిసిన మనిషి విరామాన్ని లెక్కగా పట్టుకోవడం. ఇంకో మెట్టు పైకి వెళితే, ఆవిడ ప్రత్యేకత "తప్పుగా చేయడాన్ని తాళం తప్పకుండా చేయడం". చెడ్డగా పాడే పాత్ర, చెడ్డగా నటించే పాత్ర, తన గురించి తనకే తెలియని పాత్ర, ఈ మూడింటినీ ఆవిడలా ఖచ్చితంగా చేసినవాళ్లు తక్కువ. మీ పేపర్ ఈ దారం పట్టుకుని నడిస్తే చాలు. జీవితచరిత్ర అంతా అప్పజెప్పక్కర్లేదు.

పుట్టింది బర్కెన్‌హెడ్‌లోని ట్రాన్‌మియర్‌లో. మెర్సీ నదికి ఇవతల బర్కెన్‌హెడ్, అవతల లివర్‌పూల్. తండ్రికి బట్టల దుకాణం ఉండేది. లివర్‌పూల్ యూనివర్సిటీలో ఇంగ్లిష్ సాహిత్యం చదివారు. అక్కడి విద్యార్థి నాటకాల్లోంచే ఈ వృత్తిలోకి వచ్చారు. నటనలో శిక్షణ బ్రిస్టల్ ఓల్డ్ విక్ థియేటర్ స్కూల్లో. 1952లో లివర్‌పూల్ ప్లేహౌస్‌లో 'ఎ మిడ్‌సమర్ నైట్స్ డ్రీమ్'లో హిపోలిటాగా వృత్తి జీవితం మొదలైంది. ఆ రోజుల్లో ఇంగ్లాండ్ ఊళ్లలో రెపర్టరీ పద్ధతి ఉండేది. ఒకే బృందం వారం పదిహేను రోజులకో, మూడు వారాలకో నాటకం మారుస్తుంది. రాత్రి ఒక నాటకం ఆడుతూ పగలు తర్వాతి నాటకం రిహార్సల్ చేయాలి. ఇందులో బతికి బయటపడ్డ నటులకు రెండు గుణాలు అబ్బుతాయి: పాఠం త్వరగా కంఠస్థం కావడం, పాత్ర తాలూకు ఒక స్పష్టమైన రేఖను మొదటి రిహార్సల్లోనే పట్టుకోవడం. రెండోదానికి ఒక ప్రమాదం కూడా ఉంది. ఆ రేఖ దగ్గరే ఆగిపోతే నటన మూసలో పడుతుంది. రూట్‌లెడ్జ్ ఆగకపోవడానికి కారణం సంగీతమే అని నా అభిప్రాయం. పాట ప్రతి రాత్రీ కొత్తగా ఊపిరి తీయమంటుంది, నిన్నటి ఊపిరితో ఇవాళ పాడలేరు.

లండన్ నాటకశాలల కేంద్రం వెస్ట్ ఎండ్‌లో అడుగుపెట్టింది 1954లో, షెరిడన్ రాసిన 'ది డ్యూయెన్నా'తో. అదీ పాటలున్న నాటకమే. 1962లో 'లిటిల్ మేరీ సన్‌షైన్'లో టైటిల్ పాత్ర చేశారు. దీని దగ్గర కాసేపు ఆగండి. పాతకాలపు ఆపరెట్టాలను, అంటే తేలికపాటి సంగీతనాటకాలను, ఆటపట్టించే మ్యూజికల్ ఇది. ఇలాంటివాటిలో కొత్త నటులు చేసే పొరపాటు ఒకటుంది: "ఇది వెక్కిరింపు సుమా" అని ప్రేక్షకులకు కన్నుగీటుతూ పాడతారు. పది నిమిషాల్లో చప్పబడిపోతుంది. వెక్కిరింపు పండాలంటే ఆ పాటను నిజమైన ఆపరెట్టాలో పాడినంత శ్రద్ధగా, శుద్ధంగా పాడాలి. హాస్యం రాతలో ఎలాగూ ఉంది, గొంతు దాన్ని నమ్మాలి. పద్యనాటకం చూసి పెరిగినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. హాస్యపాత్రధారి పద్యాన్ని శ్రుతిలో ఉంచి, భావంలో మాత్రమే అతి చేస్తే జనం పడీపడీ నవ్వుతారు. శ్రుతి కూడా తప్పితే చెవులు మూసుకుంటారు.

ఈలోగా టీవీ కూడా ఉంది. 1961లో 'కరొనేషన్ స్ట్రీట్'లో కెఫే నడిపే సిల్వియా స్నేప్‌గా కొన్ని ఎపిసోడ్లు చేశారు. 1967లో వచ్చిన 'టు సర్, విత్ లవ్' సినిమాలో ఒక టీచర్ పాత్ర. ఇవి పేపర్‌లో ఒక్క వాక్యం చాలు.

బ్రాడ్వే దగ్గర మాత్రం తొందరపడకండి. అక్కడ మొదటిసారి 1966లో 'హౌజ్ ద వరల్డ్ ట్రీటింగ్ యూ?' నాటకంతో కనిపించారు. 1968 జనవరిలో 'డార్లింగ్ ఆఫ్ ద డే' వచ్చింది. సంగీతం జూల్ స్టైన్, పాటలు హార్‌బర్గ్, పక్కన నటుడు విన్సెంట్ ప్రైస్. 31 ప్రదర్శనలకే మూతపడింది. బ్రాడ్వేలో వారానికి ఎనిమిది ఆటలు కాబట్టి అది నాలుగు వారాల కిందే లెక్క. నాటకం పోయాక అవార్డు వచ్చింది. ఆ ఏడు ఉత్తమ నటి టోనీని లెస్లీ అగమ్స్‌తో సమంగా పంచుకున్నారు. అవార్డు వచ్చేసరికి నాటకం ఆడటం లేదు కాబట్టి ఆ పేరు టికెట్లుగా మారలేదు. అవార్డుకీ కెరీర్‌కీ నేరుగా లింకు పెట్టేవాళ్లు ఈ ఉదాహరణ గుర్తుంచుకోవాలి. నాటకం మూతపడినా పాటల ఆల్బమ్ ఆర్‌సీఏ కంపెనీ వాళ్లు రికార్డు చేశారు. వెతికి వినండి. మాటలోంచి పాటలోకి ఆవిడ వెళ్లే చోట కుట్టు కనిపించదు. వాక్యం చివరి అచ్చు ఎక్కడ స్వరం అయిందో చెప్పలేం.

1976 మే నెలలో అంతకన్నా పెద్ద దెబ్బ. లియొనార్డ్ బెర్న్‌స్టైన్ సంగీతం, అలన్ జే లెర్నర్ మాటలు పాటలు. '1600 పెన్సిల్వేనియా అవెన్యూ' అనే ఆ మ్యూజికల్ బ్రాడ్వేలో ఏడు ప్రదర్శనలకే ఆగిపోయింది. వైట్‌హౌస్ చరిత్ర మీద నడిచే కథలో కెన్ హవర్డ్ అధ్యక్షులందరినీ, రూట్‌లెడ్జ్ వాళ్ల భార్యలందరినీ పోషించారు. ఇందులో 'డ్యూయెట్ ఫర్ వన్' అనే పాట ఉంది. అధికారం చేతులు మారే రోజున, దిగిపోతున్న గ్రాంట్ గారి భార్య జూలియా, ఎక్కుతున్న హేస్ గారి భార్య లూసీ, ఇద్దరూ ఒకే నటి గొంతులో వాదులాడుకుంటారు. యుగళగీతం ఒక్కరే పాడటమన్నమాట. మిగతా నాటకాన్ని చీల్చి చెండాడినవాళ్లు కూడా ఈ పాట దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి చేతులెత్తి దండం పెట్టారు. దీనికి అప్పట్లో ఆల్బమ్ రాలేదు, కనుక అధికారిక రికార్డు కోసం వెతికి సమయం పోగొట్టుకోకండి. కానీ అభ్యాసంగా ఇది అమూల్యం. రెండు పాత్రలను వేరు చేయడానికి చాలామంది ఒకటి సన్న గొంతు, ఒకటి బొంగురు గొంతు అని పెట్టుకుంటారు. రెండు నిమిషాల్లో గొంతు అలిసిపోతుంది, ప్రేక్షకుడికీ విసుగొస్తుంది. స్థాయి మార్చడం కంటే ఊపిరి తీసే చోటు మార్చడం మేలు. ఒకామె వాక్యం మొదట్లో తీరిగ్గా గాలి తీసుకుంటుంది, ఇంకొకామె వాక్యం మధ్యలో ఎగశ్వాసగా లాగుతుంది. అంతే, ఇద్దరు మనుషులు తయారు.

1980 వేసవిలో న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లోని డెలకోర్ట్ థియేటర్‌లో జోసెఫ్ పాప్ 'ద పైరేట్స్ ఆఫ్ పెన్‌జాన్స్' పెట్టించారు. లిండా రోన్‌స్టాట్, కెవిన్ క్లైన్ ఉన్న ఆ ప్రదర్శనలో రూత్ పాత్ర ఆవిడదే. బ్రాడ్వేకి వెళ్లేసరికి ఆ పాత్రలోకి ఎస్టెల్ పార్సన్స్ వచ్చారు, సినిమాలో యాంజెలా లాన్స్‌బరీ చేశారు. అందువల్ల చాలా వ్యాసాల్లో ముగ్గురినీ కలగాపులగం చేస్తుంటారు. పార్క్ ప్రదర్శనకు వీడియో ఉంది, డీవీడీగా వచ్చింది. ఆవిడ స్టేజీ నటనకు మీకు సులువుగా దొరికే సాక్ష్యం అదే. మీ లిస్టులో అదే మొదటిది కావాలి.

1982లో మైకేల్ ఫ్రేన్ 'నాయిజెస్ ఆఫ్', లండన్ లిరిక్ హామర్‌స్మిత్‌లో, మైకేల్ బ్లేక్‌మోర్ దర్శకత్వంలో. మొదటి బృందంలో డాటీ ఆట్లీ పాత్ర రూట్‌లెడ్జ్‌ది. డాటీ ఒక నటి. ఆమె నాటకం లోపలి నాటకంలో మిసెస్ క్లాకెట్ అనే పనిమనిషిగా నటిస్తుంటుంది. మొదటి అంకం డ్రెస్ రిహార్సల్. రెండో అంకంలో సెట్టు మొత్తం వెనక్కి తిరిగి తెర వెనుక భాగోతం కనిపిస్తుంది, అవతల నాటకం నడుస్తోంది కాబట్టి ఇవతల దాదాపు అంతా మూకాభినయమే. మూడో అంకంలో సెట్టు మళ్లీ ముందుకు తిరుగుతుంది, అంతా చిందరవందర. సార్డీన్ చేపల ప్లేటు, టెలిఫోన్, న్యూస్ పేపర్, వీటిలో ఏది పట్టుకెళ్లాలి, ఏది వదిలేయాలి అన్నదే డాటీకి ఎప్పుడూ గందరగోళం. చూసేవాళ్లకు గందరగోళం, చేసేవాళ్లకు మాత్రం గడియారం. ప్లేటు ఏ మాట మీద బల్ల మీదికి వచ్చిందో, ఏ మాట మీద లేచిందో వేలెడు తేడా వచ్చినా అవతలి గుమ్మంలోంచి వచ్చే నటుడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు, తర్వాతి పది నవ్వులూ పోతాయి. ఈ నాటకం చదివేటప్పుడు డైలాగులు పక్కన పెట్టి, ప్లేటు ఎవరి చేతిలో ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ వెళ్లండి. చేతిలో వస్తువుతో నటించడం గురించి ఏ పాఠ్యపుస్తకమూ ఇంత బాగా చెప్పదు.

1984లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీలో బిల్ అలెగ్జాండర్ 'రిచర్డ్ ద థర్డ్', ఊతకర్రలతో ఆంటోనీ షేర్ చేసిన ప్రసిద్ధ ప్రదర్శన. అందులో శాపనార్థాలు పెట్టే రాణి మార్గరెట్ ఆవిడ. కామెడీ నటి అని ముద్ర వేసేవాళ్లకు ఈ ఒక్క పాత్ర పేరు చెప్పండి. 1988లో లండన్ ఓల్డ్ విక్‌లో బెర్న్‌స్టైన్ 'కాండీడ్'లో ముసలావిడ పాత్రకు లండన్ నాటకరంగపు ఒలీవియర్ అవార్డు, మ్యూజికల్ ఉత్తమ నటిగా వచ్చింది. పన్నెండేళ్ల కింద ఏడు ఆటలతో ముగిసిన బెర్న్‌స్టైన్ సంగీతం, ఈసారి బహుమతి తెచ్చింది.

ఇక టీవీ. ఇక్కడ మూడు రకాల పని ఉంది, మూడూ విడివిడిగా చూడాలి.

మొదటిది, అలన్ బెన్నెట్ రాసిన ఏకపాత్రలు. 1982లో 'ఎ ఉమన్ ఆఫ్ నో ఇంపార్టెన్స్'లో పెగీ స్కోఫీల్డ్‌గా కెమెరా వైపు చూస్తూ ఒక్కరే మాట్లాడతారు. ఆఫీసులో తను లేకపోతే పని నడవదని నమ్మే మనిషి, ఆస్పత్రి మంచం మీద కూడా తన ప్రాముఖ్యం గురించే చెబుతూ ఉంటుంది. జబ్బు ఎంత ముదిరిందో మనకు అర్థమవుతుంది, ఆమెకు కాదు. 1988లో వచ్చిన 'టాకింగ్ హెడ్స్' వరుసకు దారి వేసింది ఇదే. ఆ వరుసలో రూట్‌లెడ్జ్ చేసింది 'ఎ లేడీ ఆఫ్ లెటర్స్'. ఐరీన్ రడక్ అనే ఒంటరి మనిషి ఇంట్లో కూర్చుని అందరి మీదా ఫిర్యాదు ఉత్తరాలు రాస్తుంటుంది. అరగంట నిడివి, ఒకే మనిషి, ఒకే కెమెరా వైపు మాట. 1998లో రెండో వరుసలో 'మిస్ ఫొజార్డ్ ఫైండ్స్ హర్ ఫీట్' చేశారు. ఈ మధ్యలో 1985, 86ల్లో హాస్యనటి విక్టోరియా వుడ్ కార్యక్రమంలో కిటీ అనే పాత్రగా చిన్న చిన్న మోనోలాగులు ఉన్నాయి. అవి అచ్చమైన కామెడీ. కిటీ, ఐరీన్ ఇద్దరినీ ఒకే రోజు చూడండి. ఇద్దరికీ ప్రతి విషయం మీదా అభిప్రాయం ఉంది, ఇద్దరూ తప్పు తమదని ఒప్పుకోరు. ఒకరిని చూస్తే నవ్వొస్తుంది, ఇంకొకరిని చూస్తే గుండె పట్టేస్తుంది. తేడా గొంతులో లేదు, వాక్యం అయ్యాక మొహం ఎంతసేపు మనవైపు ఉంటుందన్న దాంట్లో ఉంది. కిటీ మాట అనేసి వెంటనే తర్వాతి విషయంలోకి వెళ్లిపోతుంది. ఐరీన్ ఒక అర క్షణం ఎక్కువ ఉంటుంది, మనం ఒప్పుకుంటామేమోనని చూస్తుంది. ఆ అర క్షణంలోనే ఆమె ఒంటరితనం బయటపడుతుంది.

ఈ ఏకపాత్రల్ని మన విద్యార్థులు చేసేటప్పుడు దాదాపు ఎప్పుడూ ఒకే చోట జారిపోతారు: పాత్రకు తన దురదృష్టం తెలిసిపోయినట్టు నటిస్తారు. గొంతు వణుకుతుంది, కళ్లు చెమ్మగిల్లుతాయి. అప్పుడు ప్రేక్షకుడికి చేయడానికి ఏమీ మిగలదు. రూట్‌లెడ్జ్ ఐరీన్ ఉత్తరాలు రాసినంతకాలం తను ఊరికి సేవ చేస్తున్నాననే అనుకుంటుంది. తన గురించి తనకు తెలియనితనాన్ని ఎక్కడా సడలనివ్వదు. ఇంకో సంగతి కళ్లు. లెన్సును గుంపుగా చూడకూడదు, ఎదురుగా కూర్చున్న ఒకే మనిషిగా చూడాలి. జ్ఞాపకం వెతికేటప్పుడు చూపు పక్కకు పోవచ్చు, కానీ తీర్పు చెప్పే మాట దగ్గర తిరిగి లెన్సులోకి రావాలి. స్టేజీ నుంచి వచ్చినవాళ్లు అరగంటా లెన్సులోకి గుచ్చి చూస్తే ఉపన్యాసం అవుతుంది.

రెండోది, మీకు తెలిసిన సిట్‌కామ్ (సిచ్యువేషన్ కామెడీ). 'కీపింగ్ అప్ అపియరెన్సెస్' 1990 అక్టోబరు నుంచి 1995 క్రిస్మస్ దాకా బీబీసీ వన్‌లో వచ్చింది. ఐదు సీరీస్‌లు, క్రిస్మస్ ప్రత్యేకాలతో కలిపి 44 ఎపిసోడ్లు. రాసింది రాయ్ క్లార్క్, నిర్మించి దర్శకత్వం వహించింది హెరల్డ్ స్నోడ్. తమ ఇంటిపేరు 'బకెట్'ను 'బుకే' అని పలకమని లోకాన్నంతా వేధించే గృహిణి కథ. బయటి సన్నివేశాల్లో ఆమె ఇల్లు వార్విక్‌షర్‌లోని బిన్లీ వుడ్స్‌లో, చెల్లెలు డైజీ ఇల్లు కొవెంట్రీలో.

దీన్ని ఎలా తీసేవారో తెలియకుండా నటన గురించి రాయకండి. ఆ కాలపు బీబీసీ సిట్‌కామ్‌లకు ఒక క్రమం ఉండేది. ముందు ఔట్‌డోర్ సన్నివేశాలన్నీ తీసి ఎడిట్ చేసి పెట్టుకుంటారు. తర్వాత వారానికో ఎపిసోడ్ చొప్పున రిహార్సల్ గదిలో పని. అక్కడ సెట్టు ఉండదు, గోడలూ గుమ్మాలూ నేల మీద రంగు టేపుతో గీసి ఉంటాయి. వారం చివర స్టూడియోలో పగలు కెమెరాలతో రిహార్సల్, రాత్రి ప్రేక్షకుల ముందు రికార్డింగ్. ఔట్‌డోర్ ముక్కలు మానిటర్ల మీద చూపించి వాళ్ల నవ్వు పట్టుకుంటారు. అంటే నటుడు ఏకకాలంలో ఇద్దరికి నటించాలి: ఎదురుగా గ్యాలరీలో కూర్చున్న జనానికి, రెండు గజాల దూరంలో ఉన్న కెమెరాకి. జనానికి సరిపడా గొంతు పెంచితే కెమెరాలో అతి కనిపిస్తుంది. కెమెరాకి సరిపడా తగ్గిస్తే గ్యాలరీ నవ్వదు, నవ్వకపోతే ఎపిసోడ్ చచ్చిపోతుంది. రూట్‌లెడ్జ్ దీన్ని గెలిచిన తీరు గమనించండి. అతిశయమంతా గొంతులోనూ నడకలోనూ పెట్టి, కళ్లను మాత్రం నిశ్చలంగా ఉంచుతారు. హయసింత్ కళ్లు ఎప్పుడూ కామెడీ చేయవు. ఆమెకు అదంతా జీవన్మరణ సమస్య.

నవ్వు వచ్చేటప్పుడు ఏం చేయాలన్నది ఇంకో విద్య. తర్వాతి డైలాగ్ నవ్వు మీద వేస్తే వినపడదు, నవ్వు పూర్తిగా చల్లారేదాకా ఆగితే సీను చల్లబడుతుంది. నవ్వు శిఖరం దాటి కిందికి దిగుతున్నప్పుడు మాట అందుకోవాలి. ఈలోపు ఖాళీగా నిలబడకూడదు, పాత్ర ఏదో ఒకటి ఆలోచిస్తూ ఉండాలి. పైగా ఇక్కడ చాలా నవ్వులు ఆవిడ మాట మీద రావు. ఆమె మాట అయ్యాక భర్త రిచర్డ్‌గా క్లైవ్ స్విఫ్ట్ మొహం చూపించినప్పుడు పేలతాయి. ఆవిడ మాటను సరిగ్గా అక్కడ వదిలేసి అవకాశం ఆయనకు ఇచ్చేస్తారు. ఇది చెప్పినంత తేలిక కాదు.

మూడు అంశాలు మాత్రం రిమోట్ పట్టుకుని మళ్లీ మళ్లీ చూడండి.

టెలిఫోన్ సన్నివేశాలు. కొడుకు షెరిడన్ మొత్తం ధారావాహికలో ఎక్కడా కనపడడు, గొంతూ వినపడదు. అయినా అతను ఎలాంటివాడో, ఎప్పుడు డబ్బు అడిగాడో మనకు తెలిసిపోతుంది. కారణం, ఆమె వినే విరామాలు ఒకే పొడవులో ఉండవు. అవతలివాడి మాటకు నిజంగా ఎంత సమయం పడుతుందో అంతే ఆగుతుంది. విన్న మాట మొదట భుజాల్లో తగులుతుంది, తర్వాత మొహంలోకి వస్తుంది, ఆ తర్వాతే గొంతు మారుతుంది. చెడ్డ ఫోన్ సీన్లలో ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి, లేదా విరామాలన్నీ ఒకే కొలతలో ఉంటాయి. అప్పుడు అవతల ఎవరూ లేరని వెంటనే తెలిసిపోతుంది.

రెండోది కుక్క. డైజీ భర్త ఆన్‌స్లో ఇంటి ముందు పాడుబడ్డ హిల్‌మన్ కారులోంచి కుక్క మొరుగుతుంది, హయసింత్ ఉలిక్కిపడి పొదలోకి ఒరిగిపోతుంది. అదే కారు, అదే కుక్క, అదే పొద, ఎన్నిసార్లయినా. ప్రేక్షకుడికి ముందే తెలుసు, ఆమెకు తెలియకూడదు. నటుల శరీరం ఒక అడుగు ముందే బిగుసుకుంటుంది, అక్కడే గుట్టు బయటపడుతుంది. ఆవిడ ఆ అడుగులో వేరే పనిలో పూర్తిగా మునిగి ఉంటారు: టోపీ సర్దుకోవడమో, ఎవరైనా చూస్తున్నారేమోనని వీధి వైపు చూడటమో. మొరుగు ఆ పనిని మధ్యలో తెంపుతుంది.

ఇక పాట. పక్కింటి ఎమెట్ సంగీతం మనిషి. హయసింత్ అతన్ని చూడగానే గొంతెత్తుకుంటుంది. వింటే స్వరాలు గాల్లోంచి ఊడిపడినట్టుంటాయి, కానీ శ్రద్ధగా వినండి. ఎత్తుకోవడం మితిమీరి గట్టిగా, స్వరానికి కింది నుంచి జారుడు, వెడల్పాటి గమకం, నిలబడని చోట మొండిగా నిలబడటం. శ్వాస ఆధారం మాత్రం ఎక్కడా పోదు. గొంతు శిక్షణ లేని నటి ఇలా పాడబోతే రెండు టేకులకే గొంతు గీరుకుపోతుంది, తప్పు ప్రతిసారీ వేరేలా వస్తుంది. ఇదే సంవత్సరాల్లో, 1992 డిసెంబరులో, నేషనల్ థియేటర్‌లో నికొలస్ హైట్నర్ దర్శకత్వం వహించిన 'కారసెల్' మ్యూజికల్‌లో నెటీ ఫౌలర్‌గా 'యూవిల్ నెవర్ వాక్ అలోన్' పాడారు. లివర్‌పూల్ ఫుట్‌బాల్ అభిమానులు తమ జెండాగా చేసుకున్న పాట అది. మెర్సీ ఒడ్డున పుట్టిన గాయని దాన్ని లండన్ నేషనల్‌లో నిండుగా పాడుతూ, టీవీలో ఎమెట్‌ను తరుముతూ అపశ్రుతి పాడుతోంది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే మీ పేపర్‌కి మధ్య భాగం దానంతటదే వచ్చేస్తుంది.

1995లో ఆ ధారావాహికను ఆపింది ఆవిడే. చానెల్ కాదు. మంచి ఊపు మీద ఉన్నప్పుడే వదిలేయాలన్నది ఆవిడ అభిప్రాయం, అందుకు హాస్యనటుడు రానీ బార్కర్‌ని ఆదర్శంగా చెప్పేవారు.

మూడోది 'హెటీ వెయిన్‌త్రాప్ ఇన్వెస్టిగేట్స్', 1996 నుంచి 1998 దాకా, నాలుగు సీరీస్‌లు. లాంకషర్‌లో పెన్షన్ వయసు గృహిణి డిటెక్టివ్ పని మొదలుపెట్టడం కథ. గ్యాలరీలో జనం లేరు, ఒకే కెమెరా పద్ధతి, కాబట్టి గొంతు సగానికి దిగింది, ఉత్తర ఇంగ్లాండ్ యాస సహజంగా వినిపిస్తుంది. సహాయకుడిగా వేసిన కుర్రాడు డామినిక్ మోనహన్, తర్వాత 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో హాబిట్. పోల్చి చూడటానికి రెండు ఎపిసోడ్లు చాలు.

తర్వాతి కాలంలో 1999లో చిచెస్టర్‌లో ఆస్కార్ వైల్డ్ నాటకం 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్'లో లేడీ బ్రాక్‌నెల్. ఆపై పియానో కళాకారిణి మైరా హెస్ మీద 'అడ్మిషన్: వన్ షిల్లింగ్' అనే ప్రదర్శన, పక్కన పియానో మీద పియర్స్ లేన్. రెండో ప్రపంచ యుద్ధంలో నేషనల్ గ్యాలరీలో హెస్ నడిపిన మధ్యాహ్న కచేరీలకు టికెట్ ఒక షిల్లింగ్, అందుకే ఆ పేరు. బ్రిటిష్ గౌరవ బిరుదులు 1993లో ఓబీఈ, 2004లో సీబీఈ, 2017లో డేమ్. 2025 అక్టోబరు 3న 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

డెమో సంగతి. ఆవిడ ఇంగ్లిష్‌ను అనుకరించకండి, అది మిమిక్రీ అవుతుంది. బెన్నెట్ పాఠాన్ని తెలుగు చేసి బహిరంగంగా ఆడాలంటే హక్కులవాళ్ల అనుమతి కావాలి కాబట్టి మీ సొంత రాత వాడుకోండి. పది నిమిషాల్ని ఇలా విడగొట్టవచ్చు: ఫోన్ సీను మూడు నిమిషాలు, కూర్చుని చెప్పే ఏకపాత్ర నాలుగు, పాట ఒకటిన్నర, మిగిలింది వివరణ.

ఫోన్ సీనుకి అవతలివాళ్ల మాటలు పూర్తిగా రాసుకోండి, అక్షరం వదలకుండా. మొదటి వారం ఇంకొకరి చేత ఆ మాటలు నిజంగా ఫోన్లో చెప్పించుకుంటూ రిహార్సల్ చేయండి. రెండో వారం ఆ మనిషిని తీసేసి, మనసులో ఆ మాటల్ని అదే వేగంతో నడపండి. చూసిన స్నేహితురాలు అవతలి మనిషి ఏమన్నాడో రాసి ఇవ్వాలి. సగానికి పైగా కలిస్తే సీను నిలబడినట్టు. కలవకపోతే గొంతు పెంచకండి, విరామాల పొడవు సరిచూసుకోండి. గొప్పలు పోవడాన్ని కేకల్లో పెట్టొద్దు. ఇంటి యాసను దాచుకుంటూ పుస్తకాల భాష మాట్లాడే ప్రయత్నంలో అచ్చుల మీద పెట్టండి.

ఏకపాత్రకి సెల్‌ఫోన్ కెమెరా కళ్ల ఎత్తులో పెట్టుకుని ఒకే టేకులో తీసుకోండి. తర్వాత శబ్దం తీసేసి చూడండి. మీ మొహం మీద "అయ్యో పాపం నేను" అని కనిపించిన ప్రతిచోటా స్క్రిప్టులో గీత పెట్టి, ఆ వాక్యాన్ని ఫిర్యాదుగానో సలహాగానో మార్చి మళ్లీ చెప్పండి. కళ్లనీళ్లు వస్తే ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

పాటకు మీకు బాగా వచ్చిన ఒక పద్యమో కీర్తన పల్లవో తీసుకోండి, రానిది వద్దు. ముందు శుద్ధంగా పాడి వినిపించండి. తర్వాత ఒకే ఒక దోషం ఎంచుకుని, ఉదాహరణకు ప్రతి ఎత్తుగడకీ కింది నుంచి జారడం, దాన్ని ప్రతి పంక్తిలోనూ అదే చోట అదే కొలతలో చేయండి. నాలుగు దోషాలు కలిపితే అది రాని పాట అవుతుంది, పాత్ర కాదు. సాధన రోజుకి పది నిమిషాలు మించనివ్వకండి. ముందూ తర్వాతా మామూలు శ్రుతిలో గొంతు సవరించుకోండి. గొంతులో గీర మొదలైతే ఆ రోజుకి మానేసి, శ్వాస ఎక్కడ వదిలేశారో చూసుకున్నాకే మర్నాడు ఎత్తుకోండి.